ఇంటి వెనుక ఇటుకల పిజ్జా ఓవెన్: గోపురం కంటే ముందు దాని అడుగు సంగతి చూసుకోండి

నల్లగొండ దగ్గర మీ ఇంటి వెనుక కొంత ఖాళీ జాగా ఉందని, అక్కడ మామూలు ఇటుకలు, సిమెంటుతో మూడు రోజుల్లో పిజ్జా ఓవెన్ కట్టుకోవచ్చా అని అడిగారు. కట్టుకోవచ్చు, అదీ మీ చేతులతోనే. అయితే మూడు రోజుల్లో కాదు, లోపలి వైపు ఉత్త సిమెంటు మాలుతో అసలే కాదు. మిర్యాలగూడలో మా పెరట్లో నేను రెండుసార్లు కట్టాను. మొదటిది ఏడాది తిరగకముందే విప్పేయవలసి వచ్చింది. రెండోది నాలుగు వానకాలాలు దాటి ఇప్పటికీ పని చేస్తోంది.

మొదటిసారి నా ధ్యాసంతా గోపురం మీదే ఉంది. దాని అడుగును మాత్రం కాంక్రీటు స్లాబు మీద నేరుగా గ్రానైటు పలకలు పరిచి ముగించాను. మన దగ్గర ఆ రాయికి కొదవ లేదు, నున్నగా ఉంటుంది, కడగడం తేలిక అనుకున్నాను. రెండు గంటలు మంట పెట్టి పిజ్జా వేస్తే పైన చీజు మాడిపోయింది, అడుగు మాత్రం పచ్చి పిండిలా తెల్లగానే ఉంది. ఎందుకో తెలియక స్లాబు కిందికి చేయి పెట్టి చూస్తే అరచేయి ఒక్క క్షణం కూడా ఆనించలేకపోయాను. పిజ్జాకు అందవలసిన వేడినంతా స్లాబు పీల్చేసుకుంటోంది. నాలుగైదు సార్లు వాడేసరికి నిప్పులు ఉండే చోట గ్రానైటు టప్ టప్‌మని పెచ్చులు లేచింది, ఆ పలుకులు పిజ్జాకు అంటుకుని పంటి కిందికి వచ్చాయి. గ్రానైటులోని ఖనిజాలు వేడికి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వ్యాకోచిస్తాయి, పైగా అందులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర రూపం మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది కాబట్టి నిప్పుల కింద ఆ రాయి నిలవదు. షాబాదు బండ సున్నపురాయి, నిప్పుల వేడికి అదీ నిలవదు. దాన్నీ ఈ పనికి వాడకండి.

ఇటలీలోని నేపుల్స్ పద్ధతి పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలాలంటే అడుగు సుమారు 400 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. అంత వేడిని ఇటుకలు పట్టుకుని ఉండాలంటే వాటి కింద వేడిని కదలనివ్వని పొర ఒకటి తప్పదు. రెండోసారి స్లాబు మీద 5 పాళ్ల వెర్మిక్యులైటుకు (వేడి చేసి ఉబ్బించిన తేలికైన ఖనిజపు పలుకులు) 1 పాలు సిమెంటు కలిపి 4 అంగుళాల మందాన పోశాను, అది బాగా ఆరిన తర్వాత దాని మీద జల్లెడ పట్టిన ఇసుక, ఫైర్ క్లే (ఎక్కువ వేడిని తట్టుకునే బంకమట్టి) కలిపిన పలుచని పొర వేసి, ఆ రకం మట్టితోనే చేసిన ఫైర్ బ్రిక్స్‌ను మాలు లేకుండా ఒకదానికొకటి ఆనించి పరిచాను. మాలు లేకపోతే రేపు ఒక ఇటుక పగిలినా దాన్ని ఒక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. ఇప్పుడు మంట మండుతుండగా స్లాబు కింద చేయి పెడితే గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది.

ఇక ఇటుకల సంగతి. ఫైర్ బ్రిక్ మన దగ్గర 9 × 4.5 × 3 అంగుళాల కొలతలో దొరుకుతుంది. లోపల 36 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న మా ఓవెన్‌కు, విరిగినవాటితో కలిపి, 140 దాకా పట్టాయి. డబ్బు సరిపోకపోతే అడుగుకు మాత్రం ఫైర్ బ్రిక్ వేసి, గోపురానికి బట్టీలో బాగా కాలిన ఎర్ర ఇటుకలు ఏరుకుని వాడుకోండి. అవి తొందరగా అరుగుతాయి కానీ పని నడుస్తుంది. ఫ్లై యాష్ ఇటుకలు, సిమెంటు ఇటుకలు లోపల పెట్టకండి. సిమెంటు 400 డిగ్రీలు దాటితే బలం కోల్పోయి పొడిబారుతుంది. గోపురం మాలుకు నేను ఇసుక 3 పాళ్లు, ఫైర్ క్లే, సున్నం, సిమెంటు ఒక్కొక్క పాలు చొప్పున కలిపాను. ఇందులో సిమెంటు పని మొదట్లో ఇటుకను జారకుండా పట్టుకోవడమే, వేడి తగిలాక నిలిపేవి మట్టి, సున్నమే.

గోపురం వంపు కోసం అడుగు నడిమధ్యలో ఒక మేకు దిగ్గొట్టి, దానికి అన్ని వైపులా తిరిగేలా ఒక కర్ర బిగించి, కర్ర చివర ఇటుక ఆనడానికి చిన్న ఎల్ పట్టీ పెట్టాను. సగానికి కోసిన ఒక్కొక్క ఇటుకను ఆ పట్టీకి ఆనించి పెడితే ఏ వరుసలో ఎంత వాలాలో అదే చెబుతుంది. మూతి ఎత్తు గోపురం ఎత్తులో 63 శాతం ఉండాలన్నది ఓవెన్లు కట్టేవారు పాటించే లెక్క. 18 అంగుళాలకు అది 11 అంగుళాల పైచిలుకు అవుతుంది. మూతి అంతకంటే ఎత్తయితే వేడి బయటికి పోతుంది, మరీ తగ్గితే మంటకు గాలి అందదు. పొగగొట్టం గోపురం నెత్తిన కాకుండా మూతి ముందు రావాలి.

గోపురం మీద సిరామిక్ ఫైబర్ దుప్పటి, అంటే వేడిని ఆపే దూది లాంటి పరుపు, రెండు పొరలు చుట్టాను. దాని చుట్టూ మామూలు ఇటుకలతో గోడ కట్టి, మధ్య సందులో ఊక బూడిద నింపాను. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్ నుంచి వచ్చే ఈ బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, వేడిని చాలా బాగా ఆపుతుంది. మిల్లువారు దాన్ని నీళ్లు చల్లి ఆర్పుతారు కాబట్టి తెచ్చిన బూడిదను టార్పాలిన్ మీద పలుచగా పరిచి, పిడికిట పట్టి వదిలితే ముద్ద కట్టకుండా జారిపోయేదాకా ఎండబెట్టాలి. దుప్పటి నూగు, బూడిద దుమ్ము రెండూ ఊపిరితిత్తులకు చెడ్డవి, అందుకని మంచి మాస్కు, చేతులకు గ్లవ్స్ లేకుండా వాటిని తాకవద్దు. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

ఆరబెట్టడం దగ్గర తొందరపడకండి. మొదటి ఓవెన్‌ను ఇంట్లో పుట్టినరోజు ఉందని కట్టిన నాలుగో రోజే పెద్ద మంట పెట్టాను, మూతి నుంచి నెత్తిదాకా గాజుగీత లాంటి పగులు వచ్చి, వారానికి వేలు దూరేంత అయింది. రెండోసారి సాయానికి వచ్చిన పాలమూరు సుతారి మేస్త్రి ఆ పగులు చూసి, "సారూ, పచ్చి కుండను ఎవలన్న ఆవంల పెడ్తరా? నీళ్లు ఆవిరైపోనియ్యాలె గదా" అన్నాడు. ఈసారి తడి గోనెసంచులు కప్పి వారం, కప్పు తీసి నీడలో ఇంకో వారం ఉంచాం. ఆ తర్వాత మొదటి రోజు గుప్పెడు బొగ్గులతో 100 డిగ్రీల లోపే, అక్కడి నుంచి రోజుకు 40, 50 డిగ్రీలు పెంచుతూ వారం పాటు కాచాం. మొదటి రెండు రోజులు గోపురం పైభాగం చెమట పట్టినట్టు తడిసింది. ఆ తడి పోయిన తర్వాతే దుప్పటి చుట్టాం. వెంట్రుకంత సన్నని గీతలు ఒకటి రెండు వచ్చాయి, వాటికి భయపడనక్కరలేదు.

కట్టెలకు మన దగ్గర సర్కారు తుమ్మను మించినది లేదు. కనీసం ఆరు నెలలు ఎండినది కావాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వేయకండి. గంటన్నర మండాక గోపురానికి పట్టిన మసి తనంతట తానే కాలిపోయి ఇటుక తెల్లబడుతుంది, అప్పుడు నిప్పులను ఒక పక్కకు నెట్టి అడుగు ఊడ్చి చిటికెడు మైదా చల్లండి. వేయగానే నల్లబడితే వేడి ఎక్కువైనట్టు, కాస్త తగ్గేదాకా ఆగాలి, కొన్ని సెకన్లలో గోధుమ రంగుకు తిరిగితే పిజ్జా వేయవచ్చు. మర్నాడు పొద్దున కూడా మా ఓవెన్‌లో గెనుసుగడ్డలు మగ్గేంత వేడి మిగిలి ఉంటుంది.

పైన రేకుల కప్పు తప్పనిసరిగా వేయండి, మూతి పడమటి వైపు పెట్టకండి, వానకాలపు గాలి నేరుగా లోపలికి కొడుతుంది. వానలు తగ్గాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రెండు రోజులు చిన్న మంటలతోనే కాచాలి. మొత్తం కట్టడం టన్నుకు పైగా బరువు ఉంటుంది కాబట్టి నల్లరేగడి అయితే మొరం తగిలేదాకా తవ్వి పునాది వేయాలి, చెల్క నేలలో అంత లోతు అవసరం పడదు. మీది ఏ నేలో రాస్తే పునాది గురించి ఇంకొంత వివరంగా చెబుతాను.