అసంఘటిత కార్మికుల పింఛను పథకం శ్రమయోగి మాన్‌ధన్‌లో చందా వయసుతో పాటు పెరుగుతుందా?

పెరగదు, చేరిన రోజు మీ వయసును బట్టి ఖరారైన చందానే 60 ఏళ్లు నిండేవరకు నెలనెలా కట్టాలి. 18 ఏళ్లకు 55 రూపాయలు, 40 ఏళ్లకు 200 అని ఉన్న పట్టిక చేరే వయసుకు మాత్రమే. ఆలస్యంగా చేరినవాళ్లు కట్టే ఏళ్లు తక్కువ, వచ్చే పింఛను మాత్రం నెలకు అదే 3,000 రూపాయలు. అందుకే వాళ్లకు చందా ఎక్కువ.

అమలాపురం దగ్గర కొబ్బరి దింపు కార్మికుడు 29 ఏళ్లకు చేరాడనుకుందాం. నెలకు 100 కడతాడు, కేంద్రం మరో 100 వేస్తుంది. నలభై దాటినా అతని చందా ఆ 100 రూపాయలే.

అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ గుర్తింపు కార్డు ఉంటే ఇందులో చేరినట్టే అని చాలామంది పొరబడతారు. కార్డు వేరు, ఈ పింఛను వేరు. దయచేసి విడిగా నమోదు చేయించుకోండి, 40 దాటితే చేర్చుకోరు.