ఆయన తిట్లు ఎక్కడ పెట్టావు?

తమ్ముడూ,

మీ నాన్నగారి మీద నువ్వు రాసిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. తప్పుల్లేవు. కానీ ‘కరుణామూర్తి’, ‘మితభాషి’ అన్న మాటల దగ్గర నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఆయన మితభాషా? పలాస స్టేషన్లో ఆయన గొంతు అవతలి ప్లాట్‌ఫాం దాకా వినపడేది!

మా అయ్య పోయినప్పుడు నేనూ ఇలాగే రాశాను. మా అప్ప చదివి, “బాగుంది గానీ, ముందొక తిట్టు లేకుండా అయ్య నిన్నెప్పుడైనా పిలిచాడేట్రా?” అంది. ఆ కాగితాలు అక్కడే చింపేశాను.

నువ్వు ఫోన్లో చెప్పింది ఎందుకు రాయలేదు? రైలు కదులుతుంటే జీడిపప్పు సంచి కిటికీలోంచి తోసి, “ఇక్కడుంటే ఎలకలు తింటాయి, నువ్వే తగలెట్టు” అన్నాడని. ఆ మాట పక్కన ‘అదే ఆయన ప్రేమ’ అని మాత్రం రాయకు. ‘పైకి కొబ్బరి పెంకు, లోపల లేత కొబ్బరి’ అన్న పోలిక కూడా తీసెయ్. కొబ్బరితోటల ఉద్దానం వాడివి, అది నీకు మరీ చేతికందేలా ఉంది.

చేపల పులుసులో ఉప్పెక్కువైందని కంచం విసిరిన రాత్రి కూడా రావాలి. ఆ రాత్రి మీ అమ్మ తినలేదన్నావు. కంచం దాచేసి సంచి ఒక్కటే చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఆయన తరఫున వాదించకు, నిలదీయనూ వద్దు.

అసలు సంగతి మూడో పేజీలో ఒక్క వాక్యంలో దాటేశావు: ‘తిత్లీ తర్వాత నాన్న మళ్లీ మొక్కలు నాటారు.’ 2018 అక్టోబర్ 11న ఆ తుపానుకి తెల్లారేసరికి తోట నేలమట్టం. కొబ్బరిచెట్టుని కొడుకులా చూసుకునే ఊళ్లు మీవి. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. డెబ్బై దాటిన మనిషి మూడడుగుల గుంతలు ఎన్ని తవ్వాడు? తవ్వుతూ ఎవర్ని తిట్టాడు? తుపానునా, నష్టం రాసుకోడానికొచ్చినవాళ్లనా, ఊళ్లో లేని నిన్నా? ఊహించి రాయకు. అమ్మనడుగు, పక్క తోటవాళ్లనడుగు. వాళ్లన్నది అన్నట్టే రాసుకో, ‘బేగి’ని ‘త్వరగా’ అని దిద్దకు.

దినకార్యానికి రాలేకపోయాను, మోకాళ్లు సహకరించలేదు. సంక్రాంతికి వస్తాను. తిరగరాసింది అప్పటికి సిద్ధంగా ఉంచు, మీ అమ్మగారి ముందు కూర్చుని చదువుదువుగాని. ఆవిడ ఎక్కడ “అలా కాదురా” అంటుందో, అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకుందాం.

ఉంటాను,
మీ మాస్టారు