అడ్రినల్ గడ్డ: ఆడవాళ్లకు ఎక్కువ, మనవాళ్లకు తక్కువ... ఈ లెక్కలను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. నా భార్యకు 43 ఏళ్లు. నడుంనొప్పికి కాంట్రాస్ట్ (రంగుమందు) ఎక్కించి సీటీ తీయిస్తే కుడి కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో 4.5 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. ఆర్నెల్ల నుంచి బీపీ ఎక్కువుంటోంది, గదవ మీద వెంట్రుకలు వస్తున్నాయి. అడ్రినల్ క్యాన్సర్ తెల్లజాతి ఆడవాళ్లకే ఎక్కువని చదివి కొంత ధైర్యం తెచ్చుకున్నాం. సూదితో ముక్క తీయించమని తెలిసినవాళ్లు అంటున్నారు. తీయించాలా?

జవాబు: ఇప్పుడే సూది వేయించకండి. అడ్రినల్ లోపలి పొరలో పుట్టే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ అయితే, సూది తగలగానే అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలో కలిసి బీపీ ప్రాణం మీదికి తెస్తుంది. పైపొర క్యాన్సర్ అయితే సూది దారిలో కణాలు చిందే ప్రమాదం ఉంది.

మీరు చదివిన లెక్కల్లో ఆడవాళ్ల మాట నిజమే. పైపొర క్యాన్సర్ ఏటా 10 లక్షల మందిలో ఒకరిద్దరికి మించి రాదు, వచ్చినవాళ్లలో సగం కంటే ఎక్కువ మంది మహిళలే. ఫియోక్రోమోసైటోమాలో మాత్రం ఆడ, మగ తేడా దాదాపు లేదు. జాతి విషయం వేరు. తెల్లవాళ్లు ఎక్కువున్న దేశంలో రోగుల జాబితాలోనూ వాళ్లే ఎక్కువుంటారు. అంతమాత్రాన మిగతావాళ్లకు రాదని కాదు. దక్షిణ బ్రెజిల్ పిల్లల్లో ఈ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ కారణం ఒంటిరంగు కాదు, తరతరాలుగా వస్తున్న టీపీ53 జన్యువులోని ఒక మార్పు. కాబట్టి మన జాతిలో తక్కువ అన్న ధైర్యంతో ఆగొద్దు. బీపీ, వెంట్రుకలు రెండూ ఆర్నెల్లలోనే వచ్చాయంటే గడ్డ హార్మోన్లు వదులుతోందేమో ఈ వారమే చూడాలి.

మొదట ఫియోక్రోమోసైటోమా ఉందేమో చూసే మెటానెఫ్రిన్ పరీక్ష. 24 గంటల మూత్రం పట్టేటప్పుడు పొద్దున లేవగానే వచ్చేది పారబోసి టైమ్ రాసుకోండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి, మర్నాడు అదే టైముకు వచ్చేది కలిపి ఆపాలి. మధ్యలో ఒక్కసారి మరిచినా లెక్క తప్పుతుంది. డబ్బాలో యాసిడ్ ఉండొచ్చు, నేరుగా అందులో పోయకుండా మగ్గుతో పట్టి ఒంపండి. అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, ఫలితం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

రెండోది అడ్రినల్ వదిలే కార్టిసాల్ హార్మోన్ పరీక్ష. రాత్రి 11కు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 1 మిల్లీగ్రాము, అంటే 0.5 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. పొద్దున 8కి రక్తం. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకు తక్కువ వస్తే ఫర్వాలేదు. షాపులో బదులుగా బెటామెథసోన్ ఇస్తే తీసుకోవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకున్నా దాచకండి. రెండూ ఈ పరీక్షను తారుమారు చేస్తాయి. వీటితోపాటు గడ్డ ఇంకే హార్మోన్లు వదులుతోందో తెలిపే డీహెచ్‌ఈఏఎస్, టెస్టోస్టిరాన్, ఆల్డోస్టిరాన్, రెనిన్, పొటాషియం రక్తపరీక్షలు కూడా చేయించాలి.

మీ సీటీ కాంట్రాస్ట్‌తో తీసింది కదా, కాంట్రాస్ట్ ఎక్కించక ముందు తీసిన ఫిల్ములు కూడా ఉన్నాయేమో అడగండి. వాటిలో గడ్డ సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు లేదా అంతకు తక్కువగా, గడ్డంతా ఒకే తీరుగా ఉంటే దాదాపు క్యాన్సర్ కాదు. 20 దాటితే, అదీ 4 సెంటీమీటర్లకు మించిన గడ్డలో, అనుమానించాల్సిందే.

ఆపరేషన్ అవసరమైతే గడ్డ పొర చిట్లకుండా మొత్తంగా తీయాలి, అందుకే అడ్రినల్ ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్‌నే వెతకండి. ఎండోక్రైనాలజీ విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. రిపోర్టు ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఫియోక్రోమోసైటోమా అని తేలితే ఆపరేషన్‌కు ముందు కనీసం వారం, రెండు వారాలు బీపీని అదుపులో పెట్టే ఆల్ఫా బ్లాకర్ మాత్రలు పడాలి. అవి మొదలుకాక ముందు ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ ఇస్తే బీపీ ఇంకా ఎగబాకుతుంది.

ఈలోపు ఉన్నట్టుండి తలనొప్పి, ఒళ్లంతా చెమట, గుండెదడ కలిసి వస్తే వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే అడ్రినల్ గడ్డ ఉందని మొదట చెప్పండి.