లంపీ స్కిన్ వచ్చిన చూడి ఆవుకు స్టిరాయిడ్ సూది వేయించవచ్చా?

ప్రశ్న: మా ఆవుకు నాలుగు రోజులుగా జ్వరం. మెడ, డొక్కలు, పొదుగు మీద గడ్డలు లేచాయి. ముందుకాళ్లు వాచి కుంటుతోంది. ఏడు నెలల చూడి. ఊళ్లో సూదులు వేసే ఆయన ఒక సూది వేస్తే పూటలోనే వాపు, జ్వరం తగ్గాయి. మర్నాటికి మళ్లీ మామూలే. అదే సూది ఇంకోసారి వేయించమంటారా?
– ఒక పాడి రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వేయించకండి. లక్షణాలు చూస్తే ఇది లంపీ స్కిన్ (వైరస్ వల్ల వచ్చే ముద్దచర్మ వ్యాధి). పూటలోనే అంత మార్పు కనిపించిందంటే అది డెక్సామెథసోన్ లాంటి స్టిరాయిడ్ అయి ఉండొచ్చు. ఖాళీ సీసా ఉంటే పేరు చూడండి. నెలలు నిండుతున్న చూడి ఆవుకు ఆ మందు పడితే ఈసుకుపోయే (గర్భస్రావమయ్యే) ప్రమాదం ఉంది.

ఇంకో నష్టం కూడా ఉంది. దోమలు, కుట్టే ఈగలు వైరస్‌ను చర్మంలోకి దించగానే అక్కడి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది అందిన పక్క కణాలు వైరస్ పెరగకుండా తలుపులు బిగించుకుంటాయి. దగ్గరి రక్తనాళాలు వెడల్పై, గోడలు వదులై, తెల్లరక్తకణాలు, నీరు బయటికి వస్తాయి. మీరు చూస్తున్న వాపు, వేడి, నొప్పి చాలావరకు ఇదే. ఈ వైరస్ గడుసుది. ఇంటర్‌ఫెరాన్‌ను ఏమార్చే ప్రొటీన్లు దాని దగ్గర ఉన్నాయి. దానికి తోడు మనం స్టిరాయిడ్ వేస్తే పోరాడే కణాల చేతులు కట్టేసినట్టే.

అలాగని వాపును పూర్తిగా వదిలేయమని కాదు. ఈ వైరస్ రక్తనాళాల గోడలనూ దెబ్బతీస్తుంది. రక్తం అందక గడ్డ మీది చర్మం చచ్చి ఊడి, పుండు పడేది అందుకే. జ్వరం 104 డిగ్రీలు దాటి మేత మానేస్తే డాక్టరు చూసి మెలాక్సికామ్ ఇస్తారు. అది నొప్పిని, జ్వరాన్ని అదుపులో పెడుతుంది, స్టిరాయిడ్ అంతగా రోగనిరోధక శక్తిని అణచదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మాత్రం అడగొద్దు, అది పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పుండ్లలో చీము పట్టకుండా పనికొస్తుంది.

గడ్డల్ని కోయకండి, పిండకండి. ఆవును విడిగా కట్టి, సాయంత్రం వేపాకు పొగ వేయండి. రాలిన పక్కుల్లో వైరస్ నెలకు పైగా బతుకుతుంది కాబట్టి ఊడ్చి కాల్చేయండి. ఆరోగ్యంగా ఉన్న మిగతా పశువులకు టీకా ఇప్పుడే వేయించండి, రక్షణ రావడానికి మూడు వారాలు పడుతుంది. ఆవు ఎగశ్వాస తీసినా, నీళ్లు కూడా ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.