కియారా అని పిలవడం తేలికే, రాయడంలోనే చిక్కు

చి. ల. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

మిలాన్‌లో పుట్టే పాపకు కియారా అని పెడతామన్నారు. మంచి పేరే. అయితే పురుడు రాకముందే స్పెల్లింగుతో సహా తేల్చుకోండి. మన బారసాల పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో. అక్కడి చట్టం అంతవరకూ ఆగదు. ఆసుపత్రిలోనే నమోదు చేయిస్తే 3 రోజులు, మునిసిపాలిటీకి వెళ్తే 10 రోజులు, అంతే గడువు. మీరు బియ్యంలో పేరు రాసే వేళకి అది కాగితం మీద ఎక్కేసి ఉంటుంది.

ఇటలీవాళ్లు ఈ పేరును సి, హెచ్, ఐ, ఎ, ఆర్, ఎ అని రాస్తారు. వాళ్ల భాషలో ఐ ముందు సి ఒక్కటే ఉంటే 'చ', మధ్యలో హెచ్ చేరితే 'క'. మన ఇంగ్లీషు అలవాటుకి ఇది తలకిందులు. రేపు హైదరాబాదులో ఏ బడిలో చేర్చినా హాజరు పిలిచే టీచరు 'చియారా' అంటుంది. కె తో రాస్తే ఆ బాధ లేదు. కానీ అక్కడ దాన్ని చూడగానే బయటిదేశం పేరనుకుంటారు.

ఇంకో మెలిక ఉంది. ఐర్లండ్‌లో హెచ్ లేకుండా సి, ఐ, ఎ, ఆర్, ఎ అని రాసే వేరే పేరు ఉంది. వాళ్లు దాన్ని కీరా అని పలుకుతారు (దోసకాయ గుర్తొస్తే నా తప్పు కాదు). దాని మూలానికి నలుపు అని అర్థం, నల్లజుట్టు పిల్ల అన్నమాట. కె తో రాసే కియారాకు కొందరు ఈ అర్థం చెబుతారు, కొందరు వెలుగు అంటారు. మీకు వెలుగే కావాలంటే హెచ్ వదలకండి.

వెలుగు అర్థం లాటిన్ 'క్లారుస్' నుంచి వచ్చింది. వెలుతురైనది, తేటైనది, పేరుపడ్డది అని దానికి అర్థాలు. లాటిన్ 'క్ల' ఇటాలియన్‌లో 'క్య' అవుతుంది. తాళంచెవిని 'క్లావిస్' అనేవారు, ఇప్పుడు 'క్యావె' అంటారు. కాబట్టి క్లారా, కియారా ఒకే పేరు. మన పేర్లలో దీనికి ప్రభ కన్నా విమల దగ్గర. ఇటాలియన్‌లో ఇది రోజువారీ మాట కూడా. తేటనీరూ కియారాయే, లేతరంగు బీరూ కియారాయే, చివరికి గుడ్డులో తెల్లసొన కూడా! అక్కడ దానికెవరూ నవ్వరు, మనం సంధ్య అన్న పేరుకు నవ్వనట్టే.

పేరు అంతగా పాకింది ఇటలీలోని అస్సీసీ ఊరి పునీత (క్రైస్తవుల సెయింట్) కియారా వల్ల. 1194 ప్రాంతంలో పుట్టింది. కడుపుతో ఉన్న తల్లి ఓర్తొలానా ప్రార్థిస్తుంటే, లోకానికి వెలుగయ్యే బిడ్డను కంటావని మాట వినబడిందనీ, అందుకే ఆ పేరనీ గాథ. ఆమె రాసిన మఠ నియమావళికి పోపు ఆమోదం వచ్చిన రెండు రోజులకే, 1253 ఆగస్టు 11న పోయింది. 1255లో పునీతను చేశారు. జబ్బుతో మంచాన ఉండి, ఎక్కడో జరిగే పూజను గోడ మీద చూసిందట. ఆ కథ వల్లే ఈ కాలంలో టెలివిజన్‌కు రక్షకురాలిని చేశారు!

ఆగస్టు 11 కియారాల పేరు పండుగ, 'ఒనొమాస్తికొ'. పాప పుట్టినరోజు వేరే నెలలో ఉన్నా ఆ రోజు ఇరుగుపొరుగు శుభాకాంక్షలు చెబుతారు. తడబడకుండా 'గ్రాత్సియె' అనేయండి. ఇక్కడి చుట్టాలు మాత్రం సినిమాతార కియారా అద్వానీ పేరనే అనుకుంటారు. ఆమె అసలు పేరు ఆలియా.

స్పెల్లింగు తర్వాత మార్చుకుందాంలే అనుకోకండి. అక్కడ ప్రతి మనిషికీ ఇచ్చే పన్ను కోడులో పేరు నుంచి మూడక్షరాలు చేరతాయి. ముందు హల్లులు తీసుకుంటారు, చాలకపోతే అచ్చు కలుపుతారు. ఇటలీ స్పెల్లింగుకు సి, హెచ్, ఆర్ వస్తాయి. కె తో రాస్తే కె, ఆర్, ఐ. అంటే పేరు మారితే కోడూ మారుతుంది, దాంతో ముడిపడ్డ ఆరోగ్య కార్డు వగైరా కూడా. ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, పాస్‌పోర్టు తీయాలి. అన్నిటిలోనూ ఒకే స్పెల్లింగు ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరం వేయకుండా పూర్తిగా రాయించండి.

తెలుగులో కియారా అనే రాయండి. ఇటాలియన్ పలుకుకు క్యారా దగ్గరే, కానీ మనవాళ్లు దాన్ని క్యారెట్టులో క్యా లాగా చదువుతారు. పైగా హైదరాబాదులో 'క్యారే' అని ఏడిపిస్తారు.

నక్షత్రం అక్షరం చూస్తే పలుకునే పట్టుకోండి, స్పెల్లింగును కాదు. 'కి' మృగశిర నాలుగో పాదానికి వస్తుంది. సి, హెచ్ చూసి ఎవరైనా 'చి' అంటే అది రేవతి నాలుగో పాదం. పాప నక్షత్రానికి 'కి' కలవకపోతే జాతకనామం వేరే పెట్టి బియ్యంలో అదీ రాయించండి. కాగితాల్లోకి అది ఎక్కనక్కర్లేదు.

అల్లుడుగారు మూడేళ్లలో తిరిగొచ్చేద్దామంటున్నారట. అదే ఖాయమైతే కె తో రాయండి. పాప చదువు అక్కడే అనుకుంటే మాత్రం హెచ్ ఉండాల్సిందే.

మీ పెద్దమ్మ