షుగరు ఉంటే హార్మోన్ చికిత్స తీసుకోకూడదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 49 ఏళ్ళు. గాజువాకలో నేనూ మా వారూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగిస్తాను. ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 8.2 వచ్చింది. నెలసరి ఆగి 14 నెలలైంది. అప్పటి నుంచి ఒంట్లోంచి వేడి ఆవిర్లు తన్నుకొస్తున్నాయి. రాత్రిపూట చెమటకు జాకెట్టు తడిసి, లేచి మార్చుకోవలసి వస్తోంది. మార్గశిర మాసంలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర వరుసలో అందరూ శాలువాలు కప్పుకుని ఉంటే, నేను కొంగుతో విసురుకుంటూ నిలబడ్డాను. పగలు పది, పదకొండు గంటల మధ్య కూడా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. పొద్దున ఏడింటికి మాత్రలు వేసుకున్నా, పని హడావిడిలో టిఫిను తినేసరికి పదకొండు దాటుతుంది. ఒక డాక్టరు గారు హార్మోన్ మాత్రలు రాస్తామన్నారు. షుగరు చూసే డాక్టరు గారు వద్దన్నారు. క్యాన్సర్ వస్తుందని మా ఆడపడుచు భయపెడుతోంది. నన్నేం చేయమంటారు? అన్నట్టు, పోయిన నెల రెండు రోజులు కొద్దిగా మరక కనిపించింది.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ రాసిన మాటే అన్నిటికంటే ముఖ్యమైనది. నెలసరి ఆగి ఏడాది దాటాక కనిపించిన మరకను, అది ఒక్క చుక్కైనా సరే, పరీక్ష చేయించకుండా వదలకూడదు. చాలామందిలో అది పొర పలచబడటం వల్లనో, లోపల చిన్న కండ పెరగడం వల్లనో వస్తుంది. కానీ షుగరు ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా బరువు కూడా ఎక్కువగా ఉంటే, గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు ఇతరులకంటే ఎక్కువ. దాని మొదటి సంకేతం సాధారణంగా ఇలాంటి మరకే. యోని ద్వారా చేసే స్కానింగులో ఆ పొర మందం 4 మిల్లీమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. అంతకు మించినా, మరక మళ్ళీ కనిపించినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ వారమే వెళ్ళండి. ఖర్చు భారమైతే విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి: ఘోషాసుపత్రి ఉంది, కేజీహెచ్ ఉంది. ఇది తేలేవరకు హార్మోన్లు మొదలుపెట్టకూడదు. మాత్రలు రాస్తామన్న డాక్టరు గారికి ఈ మరక సంగతి చెప్పి ఉండకపోతే వెంటనే చెప్పండి.

ఇక చెమటల సంగతి. మీకు రాత్రి పట్టే చెమటా, పొద్దున పదింటికి పట్టే చెమటా ఒకటి కాకపోవచ్చునని నా అనుమానం. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి తెలియదు. ఏడింటికి మాత్ర వేసుకుని పదకొండు దాకా ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర నిలబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, గుండెదడ రెండింటిలోనూ ఉంటాయి. చేతులు వణకడం, ఆకలి, కళ్ళు తిరగడం, మాట తడబడటం మాత్రం చక్కెర పడిపోవడాన్నే ఎక్కువగా సూచిస్తాయి. వేడి ఆవిరి అయితే ఛాతీలోనో మెడలోనో మొదలై ముఖానికి పాకి, కొద్ది నిమిషాల్లో దానంతటదే తగ్గి, ఆ తర్వాత ఒంటికి చలి పుట్టిస్తుంది. ఊహించి తేల్చుకోవద్దు. గ్లూకోమీటర్‌ను కొట్టు గల్లాపెట్టె పక్కనే ఉంచుకుని, చెమట పట్టిన క్షణంలోనే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. పెరగకపోతే మళ్ళీ తాగాలి. ఆ పైన ఏదైనా తినాలి.

దీనికి మందు హార్మోను కాదు, పొద్దుటి తిండి. గ్లిమిపిరైడ్ వేసుకున్న వెంటనే తినాలి. తినని పూట ఆ మాత్ర వేసుకోకూడదు. ఊరందరికీ కూరలు వండిపెట్టే మీరు పదకొండు దాకా పస్తుండటం చదివి మనసు చివుక్కుమంది. రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు చోడి అంబలో, ఉడికించిన గుడ్డో తిని పని మొదలుపెట్టండి. ఆ వేళ కొట్టు చూసుకోవడం మీ వారి బాధ్యత అని నా మాటగా చెప్పండి. గ్లూకోమీటరులో వచ్చిన అంకెలను కాగితం మీద రాసి మీ షుగరు డాక్టరుకు చూపిస్తే, అవసరమైతే ఆ మాత్ర మోతాదు తగ్గిస్తారు, లేదా చక్కెర పడిపోనివ్వని వేరే మందుకు మారుస్తారు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. షుగరు ఉన్నంత మాత్రాన హార్మోన్ చికిత్సకు అనర్హులు కారు. షుగరు పెరుగుతుందన్న భయానికి ఆధారం లేదు. పైగా నెలసరి ఆగి, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గినప్పుడే కొవ్వు నడుము చుట్టూ చేరి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకుండా పోతుంది. రాత్రుళ్ళు నిద్ర లేకపోతే చక్కెర ఇంకా పెరుగుతుంది. మీ 8.2లో ఆ నిద్రలేమి వాటా కూడా ఉండి ఉంటుంది. అమెరికాలో జరిగిన ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే పెద్ద అధ్యయనంలో హార్మోన్ మాత్రలు వాడినవాళ్ళలో కొత్తగా మధుమేహం రావడం సుమారు అయిదో వంతు తగ్గింది. అలాగని షుగరు తగ్గించడానికి ఎవరూ హార్మోన్లు వాడరు. వేడి ఆవిర్లకు మాత్రం వీటంత బాగా పనిచేసే మందు మరొకటి లేదు.

అలాంటప్పుడు మీ షుగరు డాక్టరు ఎందుకు వద్దన్నారు? ఆయన ఆలోచన రక్తనాళాల గురించి అయి ఉంటుంది. అది న్యాయమైన ఆలోచనే. షుగరు ఏళ్ళ తరబడి గుండె, మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తుంది. నోటితో మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి, అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని పెంచుతుంది. ట్రైగ్లిజరైడ్లు కూడా పెరుగుతాయి. అదే ఈస్ట్రోజెన్‌ను జెల్ రూపంలో చర్మానికి రాసుకుంటే కాలేయం మీద ఆ భారం పడదు. చర్మం ద్వారా మామూలు మోతాదులో వాడినవాళ్ళలో రక్తపు గడ్డల ముప్పు పెరిగినట్టు ఇప్పటిదాకా జరిగిన పరిశీలనల్లో కనిపించలేదు. అందుకే షుగరు ఉన్నవాళ్ళకు నేను మాత్రకంటే జెల్‌కే మొగ్గు చూపుతాను. మీకు గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. లోపలి పొర అతిగా పెరగకుండా ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోను కూడా తప్పనిసరి. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ గొట్టం మాత్ర (క్యాప్సూల్) రాత్రి పడుకునే ముందు వేసుకుంటే కొంత మత్తు ఇస్తుంది, మీలాంటివారికి అదీ మేలే. జెల్ రాసుకుని, డబ్బు కలిసొస్తుందని ఈ గొట్టం మాత్రలు మానేసినవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

మీ వృత్తిని బట్టి ఇంకో హెచ్చరిక. ఆ జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది. పూర్తిగా ఆరేవరకు మంట దగ్గరకు వెళ్ళకూడదు. అందుకని పొద్దున పొయ్యి వెలిగించే ముందు కాకుండా, రాత్రి స్నానం చేసి ఒళ్ళు తుడుచుకున్నాక మోచేతుల పైభాగానికో తొడలకో రాసుకోండి. రొమ్ములకు రాయకూడదు. రాసుకున్న చోటు పసిపిల్లలకు తగలనివ్వకూడదు. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మీ ఆడపడుచు భయానికి మూలం కూడా నేను పైన చెప్పిన అధ్యయనమే. 2002 జులైలో అందులో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. అందులో పాల్గొన్నవారు 16,608 మంది, వారి సగటు వయసు 63. అంటే చాలామందికి నెలసరి ఆగి పదేళ్ళు దాటిపోయింది. వాళ్ళలో సుమారు సగం మందికి ఇచ్చింది పాతకాలపు మాత్ర. ఈస్ట్రోజెన్‌తో పాటు కృత్రిమ ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర అది. అది వాడిన 10,000 మందిలో ఏడాదికి రొమ్ము క్యాన్సర్లు 38 కాగా, వాడనివారిలో 30. ఆ ఎనిమిదిని నేను చిన్నబుచ్చను. ఎక్కువ ఏళ్ళు వాడేకొద్దీ ముప్పు పెరుగుతుంది కూడా. కానీ వాడిన ప్రతి మనిషికీ క్యాన్సర్ వస్తుందన్నట్టు ఇక్కడ ప్రచారమైంది. అది నిజం కాదు. 60 ఏళ్ళలోపు, నెలసరి ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవాళ్ళకు, మిగతా ఆరోగ్యం బాగుంటే, లాభమే ఎక్కువ అన్నది ఇప్పుడు నిపుణుల మాట. మీకు 49. మీ తల్లికో అక్కచెల్లెళ్ళకో రొమ్ము క్యాన్సర్ ఉంటే మాత్రం ముందే చెప్పండి, అప్పుడు లెక్క మారుతుంది.

మొదలుపెట్టే ముందు రక్తపోటు, కొవ్వుల పరీక్ష, కాలేయ పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, ఈసీజీ, మామోగ్రామ్ చేయించాలి. కంటి రెటీనా చూపించుకోండి. అది హార్మోన్ల కోసం కాదు, ఎనిమిదేళ్ళ షుగరు కోసం. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, పక్షవాతం, గుండెపోటు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ వచ్చి ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నా ఈ చికిత్స వద్దు. ఇవేవీ లేకుండా, ఆ మరక సంగతి కూడా తేలిపోతే, తక్కువ మోతాదు జెల్‌తో మొదలుపెట్టవచ్చు. కొన్ని వారాల్లో ఆవిర్లు తగ్గడం మొదలవుతుంది. మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారి ఇంకా అవసరమా అని మీరూ డాక్టరూ కలిసి నిర్ణయించుకోవాలి. ఒకవేళ హార్మోన్లు కుదరకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి మందులున్నాయి. షుగరు వల్ల రాత్రిపూట అరికాళ్ళు మండేవాళ్ళకు గాబాపెంటిన్ ఆ మంటకూ పనిచేస్తుంది. మందుల షాపులో అడిగి కొనుక్కోవలసినవి కావు ఇవి.

విశాఖలో ఇంకో ఇబ్బంది ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత కాబట్టి ఆడవాళ్ళ చెమటను ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ‘సముద్రం గాలి, అందరికీ ఉన్నదే’ అంటారు. మీరు మార్గశిరపు చలిలో కొంగుతో విసురుకున్నానని రాయడం నాకెంతో ఉపయోగపడింది. డాక్టరు దగ్గర కూడా ఆ మాటే చెప్పండి. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి నిద్ర లేక, ఇంట్లోవాళ్ళ మీద అరుస్తున్నామని కుమిలిపోతూ, ‘వయసు కదా, ఓర్చుకో’ అన్న మాట విని విని వస్తారు. ఎందుకు ఓర్చుకోవాలి? చికిత్స ఉన్న బాధ ఇది. మీ ఇద్దరు డాక్టర్ల చీటీలూ ఒకే సంచిలో పెట్టుకుని ఇద్దరికీ చూపించండి. ఒకరు రాసింది రెండోవారికి తెలియకపోవడం వల్లనే మీరు ఇలా మధ్యలో నలిగిపోతున్నారు.

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్ళు. షుగరుతో పాటు గుండెకు స్టెంటు వేశారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర వాడుతోంది. తరచూ మూత్రంలో మంట, కింద దురద, పొడిబారడం. ఈస్ట్రియాల్ అనే హార్మోన్ క్రీము రాశారు. డబ్బాలోని కాగితంలో గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ అని ఉంది. వాడనివ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: వాడనివ్వండి. ఈ వయసులో, స్టెంటు ఉన్న మనిషికి హార్మోన్ మాత్రలు నేను ఇవ్వను. యోనిలో రాసే ఈస్ట్రియాల్ క్రీము వేరు. అది రాసిన చోటే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. ఆ కాగితంలోని హెచ్చరికలు ఒళ్ళంతా పనిచేసే హార్మోన్ చికిత్సను దృష్టిలో పెట్టుకుని రాసినవి. సాధారణంగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, ఆపైన వారానికి రెండుసార్లు వాడతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ రావడం కూడా దీనివల్ల తగ్గుతుంది.

దురదకు మాత్రం ఇంకో కారణం ఉండవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. ఆ చక్కెర తగిలే చోట బూజు ఇన్ఫెక్షన్ సులువుగా పెరుగుతుంది. పెరుగు విరిగినట్టు తెల్లటి స్రావం ఉందేమో అడగండి. అమ్మ సిగ్గుపడి చెప్పకపోవచ్చు, మీరే నెమ్మదిగా అడగాలి. ఉంటే దానికి వేరే మందు కావాలి, హార్మోన్ క్రీముతో తగ్గదు. అయితే గుండెకు మేలు చేసే మందు కాబట్టి డాపాగ్లిఫ్లోజిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. మూత్రం కల్చర్ పరీక్ష చేయించి, ఆ ఫలితంతో గుండె డాక్టరునూ స్త్రీ వైద్యురాలినీ కలవండి. క్రీము వాడుతున్న రోజుల్లో మరక కనిపిస్తే మాత్రం, పైన గాజువాక సోదరికి చెప్పిన స్కానింగే అమ్మకూ చేయించాలి.