పెట్టె మీద ఫుల్ హెచ్‌డీ, లోపల హెచ్‌డీ రెడీ

ప్రశ్న: మేము చెన్నై అయనావరంలో అద్దెకు ఉంటున్నాం. రెండు నెలల కిందట మా అత్తగారి గది కోసం రిచీ స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో పదకొండు వేలకు 32 అంగుళాల టీవీ కొన్నాం. అట్టపెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డీ సపోర్ట్’ అని ఉంది. కౌంటర్‌లోని కుర్రాడు ‘ఫుల్ హెచ్‌డీయే’ అన్నాడు. తీరా కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే ఆ మోడల్ హెచ్‌డీ రెడీ మాత్రమే. మూడో వారంలోనే వెళ్లి అడిగితే, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అని బిల్లులోనే ఉందన్నారు. త్వరలో నెల్లూరు వెళ్లిపోతున్నాం. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే బిల్లులో టీవీ గురించి ఏమి రాశారో మీరు తెలియజేయలేదు. కేసు బలం చాలావరకు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

హెచ్‌డీ రెడీ తెరకు సాధారణంగా అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీకి 1920, 1080, అంటే మొత్తం మీద దాదాపు రెట్టింపు. ‘సపోర్ట్’ అంటే ఫుల్ హెచ్‌డీ సిగ్నల్‌ను టీవీ స్వీకరించి, తన తెరకు తగ్గట్టు కుదించి చూపుతుందని మాత్రమే. అందువల్ల తెర మీద 1080 అనే అంకె కనిపించినా అది వస్తున్న సిగ్నల్‌ను తెలుపుతుందే తప్ప తెర నాణ్యతను కాదు. పెట్టె మీద రాసినది అబద్ధం కాదని కంపెనీ తప్పకుండా వాదిస్తుంది, ఆ వాదనను తేలికగా తీసివేయలేము. కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, ఫలానా ప్రమాణం గల వస్తువని నోటితో గాని, రాతతో గాని తప్పుగా చెప్పడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే అవుతుంది. కాబట్టి ఆ కుర్రాడి మాటకు చట్టంలో విలువ ఉంది. దానిని రుజువు చేయడమే కష్టం.

బిల్లులో ‘ఫుల్ హెచ్‌డీ’ అని రాసి ఉంటే మీ పని సగం అయినట్లే. మోడల్ నంబరు మాత్రమే ఉంటే, పెట్టె మీది రాతలు, దుకాణం ప్రకటన, వారితో జరిపిన వాట్సాప్ సంభాషణ వంటివి అవసరమవుతాయి. ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెను పాతసామాన్ల వాళ్లకు ఇచ్చివేయకండి. ఫోనులోని సందేశాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం, అవి ఏ ఫోను నుండి ఎలా తీసినవో తెలిపే ధ్రువపత్రం జతచేయండి. టీవీని ప్రయోగశాలకు పంపవలసిన అవసరం మాత్రం మీకు రాకపోవచ్చు, ఎందుకంటే తెర వివరాలను కంపెనీయే తన వెబ్‌సైట్‌లో ఒప్పుకుంది. ఆ పేజీని ఇప్పుడే తేదీతో సహా ముద్రించి ఉంచుకోండి.

‘వాపసు తీసుకోము’ అనే ముద్ర చూసి చాలామంది వెనుదిరుగుతారు. మనసు మారి తిరిగి ఇవ్వబోయే వారి విషయంలో అది చెల్లవచ్చు గాని, చెప్పిన నాణ్యత లేని వస్తువుకు అది రక్షణ కాదు. అమ్మినవారు ఏ విధంగా చెప్పుకున్న నాణ్యతలోనైనా లోటు ఉంటే వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(10) దానిని లోపంగానే పరిగణిస్తుంది. అటువంటి సరుకును వెనక్కి తీసుకుని బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు లేకపోతే 30 రోజులలో, సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. మీరు మూడో వారంలో అడిగినట్లు చూపే సందేశమో కాల్ వివరమో ఉంటే చాలా విలువైనది.

నెల్లూరు గురించి దిగులు అక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేసుకునే వీలును సెక్షన్ 34 కల్పిస్తోంది గనుక, అక్కడ స్థిరపడిన తరువాత ఆ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ల గడువు ఉంది. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కనుక రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. మూడు నెలలలో తేల్చాలని చట్టం చెబుతున్నా ఆచరణలో ఎక్కువ కాలం పడుతుంది. నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను: పదకొండు వేల టీవీ కోసం వకీలును పెట్టుకోకండి, మీరే వాదించుకునే హక్కు మీకుంది.

ముందుగా జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. చాలా దుకాణాలు ఆ దశలోనే దిగివస్తాయి. లేకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదులో దుకాణాన్నీ తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, టీవీ తీసుకుని ధరను వడ్డీతో తిరిగి ఇప్పించమని, అది కాకుంటే ఫుల్ హెచ్‌డీ టీవీ ఇప్పించమని, ఖర్చులతో సహా కోరండి.